ఓడిపోవడం తెలిసిన యంత్రం

కాలవలో చివరి లాకు దగ్గరికి వచ్చేసరికి రెండు పడవలూ పక్కపక్కనే ఉన్నాయి. కాంతమణి పెదవి కొరుక్కుంది. ఆమె కుడిచేతికి ఉల్లిపొర లాంటి పల్చటి తొడుగు ఉంది. ఆ వేళ్ళు ఎటు కదలాలనుకుంటే తెర మీద ఎర్రపడవ అటు తిరుగుతుంది. పక్కన వస్తున్న నీలంపడవని నడిపేది మనిషి కాదు, యంత్రం. మలుపులో నీలంపడవ కాస్త ఎక్కువ లోపలికి వచ్చి, గట్టుకి తగిలి తడబడింది. అంతలో ఎర్రపడవ లాకు తలుపుల మధ్యనుంచి దూరిపోయింది.

"అద్దీ!" అంది కాంతమణి. పక్షవాతం వచ్చిన దగ్గరనుంచి ఆమెకి మాట ముద్దగా వస్తోంది. ఆ ఒక్క మాట మాత్రం గంట కొట్టినట్టు పలికింది. "ఏం తల్లీ నీలమ్మా, గట్టు కనపడలేదూ? కళ్ళద్దాలు ఇమ్మంటావా?"

ల్యాబులో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఇందుమతి. ఆ ల్యాబు ఆమెదే. కాంతమణి ఆమెకి సొంత అక్క, పదేళ్ళు పెద్ద.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండవాలు మీద ఉన్న పాత మేడలో ఇందుమతి, ఆమెతో పనిచేసే కొద్దిమందీ కలిసి తయారుచేసిన ఆట అది. పేరు తోడాట. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళు రోజూ అవే వ్యాయామాలు చేసి విసిగిపోతారు. అదే చెయ్యి పడవ పందెంలో పెడితే విసుగనేది ఉండదు. పక్కనే ఒక తోడు పడవ వస్తుంది, ఆడేవాళ్ళ బలాన్ని బట్టి పోటీ ఇస్తుంది. గెలిచిన కొద్దీ మెట్టు పెరుగుతుంది. ఆ పెరిగిన మెట్లనే గీతగా గీసి, చెయ్యి ఎంత కోలుకుందో చూసుకుంటారు. అప్పటికి నలభై ఇళ్ళలో ఆడుతున్నారు. అందరి గీతలూ పైపైకే వెళ్తున్నాయి. పెద్దాసుపత్రి డాక్టర్లు వచ్చే నెల చూడ్డానికి వస్తామన్నారు.

"ఇందూ, ఎన్నో మెట్టే ఇది?"

"తొమ్మిదోదక్కా."

"అంటే ఆఖరిదానికి ముందుది. పదోది కూడా అవగొట్టేసి నా ఏలూరు నేను పోతా. నా గ్యాసుపొయ్యి, నా కాఫీ, నా తాళంచెవి. ఆ నూకరత్నం చేత జడ వేయించుకోలేక ఛస్తున్నా. జడ వేస్తోందో, చీపురు కడుతోందో తెలీదు."

కాంతమణి కోర్టులో స్టెనోగ్రాఫరుగా చేసి రిటైరైంది. ఆమె టైపు చేస్తుంటే వాన పడుతున్నట్టుండేదని వకీళ్ళు చెప్పుకునేవారు. పెళ్ళి వద్దనుకుంది. ఏలూరులో పై అంతస్తు వాటా ఒకటి కొనుక్కుని, ఎవరి ఉప్పూ పులుపూ అక్కర్లేకుండా బతికింది. అలాంటి మనిషి ఆర్నెల్లుగా చెల్లెలింట్లో, పనిమనిషి నూకరత్నం చేత నోట్లో అన్నం పెట్టించుకుంటోంది. ఒంటరిగా మళ్ళీ తన వాటాలో ఉండగలనా లేదా, ఆమెకి కావలసింది అదొక్కటే. ఉండగలవని ఆ తొమ్మిదో మెట్టు చెబుతోంది.

ఇందుమతికి ఆటల పిచ్చి అంటించింది కాంతమణే.

ఏలూరు పవర్‌పేటలో వాళ్ళ నాన్నగారికి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఒక ఏడాది ఆయన టైపుమిషన్ల పక్కన రెండు కంప్యూటర్లు తెచ్చి పెట్టారు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, ఆ గదికి మాత్రం ఏసీ. చెప్పులు బయట విడిచి గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళేవారు. కంప్యూటరు అమ్మినతను ఒక ఫ్లాపీ వదిలిపెట్టి వెళ్ళాడు. అందులో ఒక ఆట ఉండేది. పైనుంచి ఆకుపచ్చ చుక్కలు పురుగుల్లా దిగుతుంటాయి, కింద బాణంగుర్తు లాంటి ఓడ వాటిని పేల్చాలి. అంతే. రంగు లేదు, పాట లేదు. అయినా క్లాసులు అయ్యాక ఆ తెర ముందు చేరిన పిల్లల్ని అన్నాలకి పిలవడానికి నాలుగిళ్ళ వాళ్ళు గొంతు చించుకోవాల్సి వచ్చేది.

ఓడ నడపడంలో కాంతమణిని మించినవాళ్ళు లేరు. పక్కన కూచుని ఏడుస్తున్న ఆరేళ్ళ చెల్లెల్ని చూసి, "సరే, నువ్వూ ఆడు. నేను ఓడని తిప్పే బాణాలు నొక్కుతా, నువ్వు ఈ పొడుగు మీట నొక్కు. నువ్వు నొక్కితేనే గుండు పేలేది. ఆపావంటే ఓడ పోతుంది, జాగ్రత్త!" అంది. ఇందుమతి వేసవంతా ఆ స్పేస్ బార్ నొక్కింది. బొటనవేలు ఎర్రగా కందిపోయినా ఆపలేదు. ఓడని కాపాడుతున్నది తానేనని ఇరుగుపొరుగు పిల్లలకి గొప్పగా చెప్పుకుంది.

బళ్ళు తెరిచే ముందు ఎదురింటి రవణ గుట్టు బయటపెట్టాడు. ఆ ఆటలో గుండ్లు వాటంతటవే పేలతాయి. స్పేస్ బార్‌కి పనే లేదు. "నువ్వు అరటిపండువే!" అని ఎగతాళి చేశాడు. దాగుడుమూతలైనా, కుందుళ్ళయినా, చిన్నపిల్లలు ఏడుస్తారని ఆటలోకి తీసుకుని, పట్టుబడినా దొంగ పెట్టకుండా వదిలేస్తారే, ఆ అరటిపండు. ఇందుమతి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. కాంతమణి మాత్రం ఏమీ కంగారుపడలేదు.

"ఏడుపెందుకే? వేసవంతా ఆడావా లేదా?"

మర్నాడు ఇందుమతి మళ్ళీ వెళ్ళి అక్క పక్కనే కూచుని, పని చెయ్యదని తెలిసీ ఆ మీటే నొక్కింది. ఎందుకు నొక్కిందో అప్పుడామెకి తెలీదు.

తర్వాత తెరలకి రంగులొచ్చాయి. వీధి చివర వీడియోగేముల కొట్టొచ్చింది. చేతిలో పట్టేంత ఫోనులో ఒక పాము చుక్కలు తింటూ తన తోకే తాను కొరుక్కునేది. నెట్ సెంటర్లలో కాలేజీ పిల్లలు పక్క కుర్చీలో ఉన్నవాణ్ణే తెర మీద వెతికి కాల్చేవారు. ఆ పైన ఏ దేశంలోనో ఉన్నవాడు అర్థంకాని భాషలో తిడుతూ మన జట్టులో ఆడేవాడు. ఇందుమతి వాటన్నిటి వెనకే నడిచింది, ఆటలు ఆడింది, ఆటలు రాసింది. ఆకుపచ్చ చుక్క నుంచి ఆకు కదిలితే నీడ కదిలే అడవుల దాకా ఎదిగిన ఆ ప్రయాణం తన కళ్ళముందే జరగడం ఆమెకి ఇప్పటికీ అబ్బురమే. ఇప్పుడదే ఆట అక్క చేతిని బతికిస్తోంది. ఇంతకంటే ఏం కావాలి అనుకుంది.

ఆదివారం పొద్దున నూకరత్నం ఇంకా రాలేదు. ఇందుమతి వంటింట్లో ఉప్మా తాలింపు వేస్తుంటే, వెనక స్టీలు గ్లాసు పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే కాంతమణి కుడిచెయ్యి గాలిలో అలాగే ఉంది, వేళ్ళు గ్లాసుని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. కాళ్ళ దగ్గర నీళ్ళు.

"తడిచెయ్యే, జారిపోయింది," అంది కాంతమణి.

చెయ్యి పొడిగానే ఉంది. ఇందుమతి గుడ్డ తెచ్చి తుడిచింది. కాసేపటికి అక్క జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి అవస్థ పడుతుంటే చూసింది. కుడిచేతి వేళ్ళు హుక్కు దాకా వెళ్తున్నాయి, పట్టుకోలేకపోతున్నాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొత్తలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తొమ్మిదో మెట్టు చెయ్యి హుక్కు పెట్టుకోలేకపోవడమేమిటి?

సోమవారం ల్యాబుకి వెళ్ళగానే రెహానాని పిలిచింది. తోడు పడవకి ఆట నేర్పిన ఇంజనీరు రెహానాయే. నెమ్మదస్తురాలు, మాట్లాడేముందు కళ్ళజోడు తుడుచుకునే అలవాటు.

"రెహానా, మెట్ల గీత వద్దు. తొడుగు నుంచి వచ్చిన అసలు కదలికలు కావాలి. మొదటి వారానివి, పోయిన వారానివి."

"అవి పడవకి దారి చెప్పడానికే కదా మేడమ్, వాటినెవరూ చూడలేదు. తీస్తాను."

మధ్యాహ్నానికి రెండూ తెర మీద పక్కపక్కన పెట్టారు. చేతి వణుకు, వేళ్ళ బిగువు, తిప్పిన వేగం. రెండింటికీ పెద్ద తేడా లేదు. చెయ్యి ఎక్కడుందో దాదాపు అక్కడే ఉంది.

"మరి తొమ్మిదో మెట్టు ఎలా గెలిచింది?"

రెహానా కళ్ళజోడు తుడుచుకుంది. "నీలంపడవ ఓడిపోయింది మేడమ్."

"ఓడిపోవడమంటే? తొమ్మిదో మెట్టులో నన్నది చిత్తుచిత్తుగా ఓడిస్తుంది. మొన్నేగా నా పరువు తీసింది!"

"మిమ్మల్ని ఓడిస్తుంది. నన్నూ ఓడిస్తుంది. ఆంటీ దగ్గర మాత్రం గట్టుకి గుద్దుకుంటోంది."

ఇద్దరూ పాత ఆటలు తీసి ఒక్కొక్కటే చూశారు. యంత్రం ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఓడిపోతోంది. అనకాపల్లిలో రైల్వే గార్డుగా రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, గొప్పలు చెప్పుకునే మనిషి. ఆయన దగ్గర ఆఖరి లాకులో వెంట్రుకవాసిలో ఓడుతోంది, ఆయన నలుగురికీ చెప్పుకునేలా. ఎదుటివాళ్ళు ఓడితే నొచ్చుకునే ఒక టీచరమ్మ దగ్గర ముందొక ఆట గెలిచి, తర్వాత ఓడుతోంది. ఇక కాంతమణి దగ్గర? రెండాటలు నిర్దాక్షిణ్యంగా గెలుస్తుంది. మూడోదాంట్లో, ఆమెకి బాగా కోపం వచ్చాక, నిజమైన పొరపాటులా ఒక మలుపు తప్పుతుంది. జాలిపడితే అక్కకి ఒళ్ళు మండుతుందని దానికెవరు చెప్పారు?

"ఈ పని మనమెక్కడా రాయలేదు మేడమ్," అంది రెహానా.

"రాయలేదు. నేర్పాం."

తోడు పడవకి ఆట నేర్పడానికి వాళ్ళు మొదట్లో కొన్ని వందల ఇళ్ళకి ఆటని పంపారు. తాతా మనవలూ, అత్తా కోడళ్ళూ ఆడుకున్న ఆటల్ని యంత్రానికి చూపించారు. మనుషులు ఎలా ఆడతారో అలా ఆడాలని. గెలవడానికే ఆడమని అందరికీ గట్టిగా చెప్పారు. గెలవడానికే ఆడామని అందరూ ఒట్టేసి మరీ చెప్పారు.

"చేతులు వణికే నాయనమ్మ మీద గెలవడానికి ఆడే ఇల్లు ఎక్కడైనా ఉందా రెహానా?"

రెహానా ఫక్కున నవ్వింది. "మా దాదీతో క్యారమ్స్ ఆడితే మా అన్నయ్య ఎర్రకాయ ఎప్పుడూ పక్కకే కొట్టేవాడు. అడిగితే గురి తప్పిందనేవాడు." నవ్వు ఆపి అడిగింది. "దీన్ని తప్పు అనాలా మేడమ్, గొప్ప అనాలా?"

ఇందుమతి తెర మీద గట్టుకి తగిలి తడబడుతున్న నీలంపడవని మళ్ళీ చూసింది. ఎంత ఒడుపుగా తడబడింది! గెలిచే యంత్రాల్ని తయారుచెయ్యడానికి లోకమంతా ఇన్నేళ్ళు కష్టపడింది. ఎదుటివాళ్ళ పౌరుషానికి దెబ్బ తగలకుండా ఓడిపోవడం మాత్రం ఇంతవరకూ అమ్మలకీ అక్కలకీ మాత్రమే తెలుసు. ఇదిప్పుడు నేర్చుకుంది, అదీ ఎవరూ నేర్పాలనుకోకుండానే. దండం పెట్టాలనిపించింది.

ఆ వెంటనే ఏలూరులో గ్యాసుపొయ్యి ముందు నిలబడ్డ అక్క ఇందుమతి కళ్ళముందు మెదిలింది. పట్టుకున్నాననుకున్న వేళ్ళ మధ్యనుంచి మరుగుతున్న పాలగిన్నె జారిపోవడం మెదిలింది.

"డాక్టర్ల రాక వాయిదా వేద్దాం. నలభై ఇళ్ళకీ మనమే వెళ్ళి చెబుదాం," అంది. "ముందు మా ఇంట్లో."

సాయంత్రం బాల్కనీలో కాఫీ ఇచ్చి, నూకరత్నాన్ని లోపలికి పంపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. కాఫీ చల్లారిపోయింది.

"ఎప్పణ్ణించీ?"

"మొదటినుంచీ అక్కా."

"అంటే ఒక్కటీ నేను గెలిచింది కాదు."

ఇందుమతి తల దించుకుంది.

"మూగ యంత్రం కూడా నన్ను చూసి జాలిపడిందన్నమాట." ముద్దగా వచ్చే మాట ఇంకా ముద్దైపోయింది. "పెద్ద పడవలూ, మెట్లూ! పెట్టె సర్దుకున్నానే నేను. వాటా తుడిపించమని కిందింటి వరలక్ష్మికి ఫోను కూడా చేశా. సిగ్గు లేదే నీకు? వెళ్ళు అవతలికి."

నాలుగు రోజులు ఆమె చెల్లెలితో మాట్లాడలేదు. తొడుగు ముట్టుకోలేదు. అన్నం సగంలో వదిలేసి లేచిపోయేది. చెప్పకుండా ఉండాల్సిందేమోనని ఇందుమతి కుమిలిపోయింది. అనకాపల్లి పెద్దాయన విషయం విన్న రోజునే తొడుగు తీసి బీరువా మీద పడేశాడనీ, మళ్ళీ ఆడనన్నాడనీ కబురొచ్చింది. ఆయన కూతురు ఫోనులో ఏడ్చింది. "ఆ ఆట ఉన్నన్నాళ్ళూ మా నాన్న కూనిరాగాలు తీసేవారండీ. నిజం చెప్పి మీరేం బాగుపడ్డారు?"

ఐదో రోజు కాంతమణి పొద్దున్నే తయారై కారు దగ్గర నిలబడింది.

"ల్యాబుకి తీసుకెళ్ళు. ఆ నీలమ్మతో చెప్పు, నన్ను ఔట్ చెయ్యమని."

రెహానా అప్పటికే ఓడే గుణం తీసేసి నీలంపడవని మళ్ళీ మొదటి మెట్టులో పెట్టింది. ఆట మొదలైంది. నీలంపడవ ఒక్క మలుపూ తప్పకుండా, వెనక్కి చూడకుండా పోయింది. ఎర్రపడవ రెండో లాకు కూడా దాటలేదు.

కాంతమణి తెర వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత, జబ్బు చేశాక మొట్టమొదటిసారి, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఓసి రాక్షసీ! ఇన్నాళ్ళూ ఇంత వేగం దాచుకున్నావా? పెట్టవే ఇంకో ఆట!"

ఆ రోజంతా ఓడింది. మర్నాడూ ఓడింది. మూడో లాకు దాటిన రోజున, "ఇది అది ఇచ్చిందా, నేను తీసుకున్నానా? చూపించు," అని అసలు కదలికలు తెర మీద పెట్టించుకుని, రెహానా చేత వివరంగా చెప్పించుకుని గానీ నమ్మలేదు. గెలవలేదని తెలిశాక ఆ చెయ్యి ఎప్పుడూ లేనంత గట్టిగా కదులుతోంది. కోలుకోవడం మాత్రం చాలా నిదానం. పూర్తిగా ఎప్పటికీ కోలుకోదేమోనని డాక్టరు ముందే చెప్పాడు. ఏలూరు వెళ్ళినా ఇంట్లో ఒక మనిషి ఉండాల్సిందే.

"నూకరత్నాన్ని నాతో పంపించు," అంది ఒకరోజు. "జడ వెయ్యడం నేర్పుకుంటాలే."

ఓడే గుణాన్ని పూర్తిగా పారేద్దామా అని రెహానా అడిగితే కాంతమణే అడ్డం పడింది.

"పారెయ్యకండి. మీట పెట్టండి. అరటిపండు అని రాసి పెట్టండి. కావాలన్నవాళ్ళు తెలిసి నొక్కుకుంటారు."

"తెలిశాక ఎవరు నొక్కుతారు ఆంటీ?"

"ఈవిడ నొక్కింది," అంది కాంతమణి చెల్లెలి వంక చూసి.

నలభై ఇళ్ళలో సగానికి పైగా నిజం ఆటే కోరుకున్నారు. మిగిలినవాళ్ళు తెలిసే ఆ మీట నొక్కారు, సంతోషంగా గెలుస్తున్నారు. టీచరమ్మయితే రోజు విడిచి రోజు మారుస్తోంది. అనకాపల్లి పెద్దాయన తొడుగు మాత్రం బీరువా మీదనుంచి దిగలేదు. వారం వారం ఇందుమతి ఫోను చేస్తూనే ఉంది.

కాంతమణి ఏలూరు బయల్దేరే రోజు వచ్చింది. సామాను కారులో పెట్టించి ఇందుమతి అక్కని తన గదిలోకి పిలిచింది. బల్ల మీద కంప్యూటరు, పాత రకం కీబోర్డు. నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్కలు పురుగుల్లా దిగుతున్నాయి. ఆ పాత ఆటని గుర్తున్నంతలో మళ్ళీ తానే రాసింది.

కాంతమణి తెర మీదికి వంగి చూసింది.

"జరుగు," అంది, కుర్చీ లాక్కుంటూ. "బాణాలు నువ్వు నొక్కు. నా చేతికవి అందవు. నాకు ఆ పొడుగు మీట ఇవ్వు."

"సరే అక్కా."

"ఇందులోనైనా పనిచేస్తుందా అది?"

"పనిచేస్తుంది. నువ్వు నొక్కితేనే గుండు పేలేది."

"నేనూ నీకు అలాగే చెప్పా," అంది కాంతమణి.

కుడిచేతి బొటనవేలు స్పేస్ బార్ మీద ఆనించింది. వేలు వణికింది, మీట కిందికి దిగింది. ఆకుపచ్చ చుక్క ఒకటి పేలింది. ఇంకొకటి. ఇందుమతి ఓడని కుడికీ ఎడమకీ పరుగులు పెట్టిస్తోంది. ఇద్దరూ ఒక వరసంతా తుడిచేశారు. రెండో వరస దిగుతోంది.

కాంతమణి బొటనవేలు పైకెత్తి, అలాగే ఆపేసింది.

"నొక్కక్కా! నొక్కు, వచ్చేస్తున్నాయి!"

నొక్కలేదు. చుక్కలు కిందికి, ఇంకా కిందికి దిగాయి. ఓడ నుంచి ఒక్క గుండు కూడా పేలలేదు. తెర ఒక్కసారి మెరిసి, ఓడ ముక్కలైపోయింది.

ఇందుమతి తిరిగి చూసింది. ఒకపక్కకి వాలిపోయిన ఆ మొహం మొత్తం విప్పారింది.

"పనిచేస్తోందే!" అంది కాంతమణి. "మళ్ళీ పెట్టు."